ఒక్కసారి ఒప్పుకోండి

ఆసుపత్రి గదిలో భార్య అతనికి ఆపరేషన్ గౌను తొడిగి, వీపు వెనక నాడాలు ముడివేస్తోంది. కాసేపట్లో గుండె ఆపరేషన్. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె క్రీస్తును నమ్ముకుంది. అతను నమ్ముకోలేదు.

"ఒక్కసారి ఒప్పుకోండి. ఆయనే రక్షకుడని పైకి అనండి, చాలు."

"నమ్మకం లేకుండా అంటే అబద్ధం కదే."

"అబద్ధమైనా ఫర్వాలేదు. ఆ పాపమేదో నేను మోస్తాను."

"అయితే మిగతా మతాలవాళ్లెవరికీ మోక్షం లేదంటావు."

"ఆయన ఒక్కడే మార్గం. మిగతా దారులేవీ అక్కడిదాకా పోవు."

"మరి మా అమ్మ? పోయేదాకా తన దేవుణ్ణే కొలిచింది. నీ మూడు పురుళ్లూ ఆవిడే పోసింది."

ఆమె వేసిన ముడి విప్పి మళ్లీ వేసింది.

"అత్తయ్య సంగతి ఆయన చూసుకుంటాడు లెండి."

"అంటే ఆవిడకి వేరే దారి ఉందన్నమాట."

"ఉందని నేననలేదు. చూసుకుంటాడన్నాను. అత్తయ్యని గుమ్మంలో నిలబెట్టడానికి ఎవరికి మనసొస్తుంది?"

"సరే, నా సంగతి కూడా ఆయన్నే చూసుకోమను."

"మీ సంగతా? అత్తయ్య ఎవరితోనైనా సర్దుకుపోయేది. మీరు కాఫీ చల్లారితే అలుగుతారు. నొప్పొస్తే నోరు విప్పరు. మొన్న ఈ గుండెనొప్పి కూడా మీ మొహం చూసి నేనే కనిపెట్టాను. ఆయనకి మీ గురించి ఏం తెలుసు?"

తలుపు తోసుకుని స్ట్రెచర్ లోపలికి వచ్చింది. అతను దానిమీద వెల్లకిలా పడుకున్నాడు.

"అయితే ఆయన్ని ఇబ్బంది పెట్టనులే. తిరిగి నీ దగ్గరికే వస్తాను."