లిదియా మోచెయ్యి

ఏటే జీవితా, బట్టలుతికే మిసను అప్పుడే ఇప్పీసినావా? కూకుని సెయ్యి, నడుం పట్టీగల్దు. ఆ ముక్కాలిపీట లాక్కో. లిదియాదిలే అది, పరవానేదు. రేపు సంత గదా, సాలూరు నుంచి పాతసామాన్ల బండోడు వొత్తానన్నాడు. నీ సేతిలో ఈ మిసను తిరిగితే ఉంటాది, నేదంటే బండెక్కించీడమే. నా కూతురు ఫోన్లో ఒకటే పోరు. "అమ్మా, తిరగని డబ్బాకి గుడ్డ కప్పి కూకున్నావు, అదేటి సమాదా? ఇచ్చీ, కొత్తది పంపిత్తాను" అంటాది. కొత్తదెందుకే నాకు. ఒక్కదాన్ని, రెండు చీరలు, ఒక రగ్గు. అలగని దీన్ని ఇచ్చీడానికీ సెయ్యాడదు. లిదియా చీరలు ఊర్లో పంచీసినాం. బైబిలు దాని సెల్లి పట్టుకెల్లిపోనాది. పీటా, ఈ మిసనూ మిగిలినాయి. ఇదీ పోతే ఈ ఇంట్లో ఇద్దరం ఉండీవోలమని ఎవులు నమ్ముతారు సెప్పు.

నువ్వు లిదియాని సూసుంటావు గానీ గుర్తుండదు, ఈ కరెంటు పని సదువుకుంటా హాస్టల్లో ఉండీదానివి. నా తోటికోడలు, మా మరిది విశ్వాసమని ఉండీవోడు, ఆడి పెళ్ళాం. డొంకరాయి నుంచి వొచ్చినాది. వాల్లయ్య డేం దగ్గిర వాచ్‌మేను. కరెంటు ఎలుగులో పుట్టి పెరిగిన గుంట, మాకప్పటికింకా కిరసనాయిలు బుడ్డే. పెల్లయిన కొత్తలో "అప్పా, ఇక్కడ రాత్రి మరీ నల్లగుంటాదేటి" అని అడిగినాది. రాత్రి నల్లగుండక తెల్లగుంటాదేటే అన్నాను. బద్దకం మనిషి, దాసుకోడమెందుకు. సర్చిలో పాటందుకుంటే అందరూ ఓ కొండ మీదుంటే ఇది ఇంకో కొండ మీదుండీది. పాస్టరుగారు కళ్ళు మూసుకునీవోరు, ప్రార్దనకో బాదకో మరి. మొగోల్లిద్దరూ పోయేక మా ఇద్దరికీ ఒకటే పొయ్యి. తోటికోడళ్ళు ఒక కుండలో తినడమేటని ఊరోల్లు వింతగా సూసీవోరు. వింతేటున్నాది అందులో. కొట్లాడుకోడానికైనా ఓ మనిషుండాల గదా.

ఏటన్నావు, ప్లగ్గు బాగానే ఉందా. వోల్టేజీ సూడు, వానొత్తే మనకి బల్బు కూడా సరిగ్గా ఎలగదు. అదీ బాగుందా. సర్లే, నీ పని నువ్వు సేసుకో.

కాఫీ బాగా కాసిన ఏడు ఇద్దరం కలిపి కొన్నాం ఇది. కొట్టోడు "మామ్మా, బట్టలు తప్ప ఇంకేటీ ఎయ్యకండి" అన్నాడు. ఈడికి ఎర్రేటి, బట్టలు కాక ఇంకేటేత్తాం అనుకున్నాను. ఆ డిసెంబర్లోనే తెలిసినాది. కాఫీ పళ్ళకి తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గెడ్డలో పారే నీల్లకి పట్టుకెల్లి జిగురు పోయేదాకా కడగాల గదా. ఆ సలికి సేతి ఏళ్ళు మనవి కావు. లిదియా గెడ్డ గట్టు మీద కూకుని, సేతులు సంకల్లో పెట్టుకుని, "అప్పా, బట్టల జిడ్డు వొదిలించే మిసను కాఫీ జిగురు వొదిలించదేటి" అన్నాది. నాకు ఒల్లు మండిపోనాది. "దాంట్లో ఓ గింజేసినావంటే నీ సేతులిరిసి పొయ్యిలో పెడతాను" అన్నాను. అది నవ్వీసినాది. నాను నవ్వనేదు.

సెనివారం సెనివారం ఉతుకుడు మాకు. ఆదివారానికి తెల్లచీరలు కావాల గదా. స్విచ్చులు, తిప్పుళ్ళు అన్నీ దానివే. నాను ముట్టీదాన్ని కాదు, కొడతాదని బయ్యం. నీల్లు మొయ్యడం, తీగ మీద ఆరెయ్యడం నావి. అదేటి సేసీదనుకున్నావు? ఉతికినవి పిండీడానికి ఆ పక్క డ్రయ్యర్లో పడీసి, మూతేసి, ఇగో ఈ పీట మీదే కూకుని, మోచెయ్యి మూత మీద ఆనించి, గెడ్డం అరసేతిలో పెట్టుకుని పాటెత్తుకునీది. తిరిగినంతసేపూ లేవదు. సినుకులు పడతన్నాయి, ఓలె, బట్టలు తియ్యవే అన్నా లేవదు. "మిసను పారిపోద్దేటే, కాపలా కాత్తన్నావు" అనీదాన్ని. "పారిపోద్దేమో అప్పా, దాని పరుగు సూడు. నువ్వెల్లి తీసీ" అనీది. నాను తడుసుకుంటూ తీసీదాన్ని, తిట్టుకుంటూ. మా లిదియాకి మిసనొచ్చేక ఒల్లు మరీ బరువెక్కిందని ఊరంతా సెప్పినాను కూడా.

దగ్గు పట్టుకుని పోనాది. వారం కూడా మంచం మీద నేదు. అది పోయేక ఓ సెనివారం మీ నాయన రవిబాబుని పిలిసి స్విచ్చులు తిప్పమన్నాను. ఉతికే పక్క కరకరలాడి ఆగిపోనాది, డ్రయ్యరు అసలు కదల్నేదు. కొండ దిగువ నుంచి ఓ మెకానిక్కు వొచ్చి మోటారు పోయిందన్నాడు. సర్చి ఆడోల్లేమో "మనిషి తోటే పోనాది వదినా, దానిక్కూడా దిగులు" అన్నారు. నాకు ఆల్ల మాటే నిజమనిపించినాది. నాకూ అలగే ఉండీది మరి. తెల్లారి లేత్తే తిట్టడానికి ఎవులూ నేరు. ఒక్కదాన్నే అన్నం తింటే ముద్ద దిగదు, తెలుసా నీకు.

ఏటది? ఉతికే పక్క అడుగు సక్రం కిందా? ఇలా తే, కల్లజోడు పెట్టుకోనీ. కాఫీ గింజలే ఇయ్యి. పైతోలుతోటే ఉన్నాయి. గుప్పెడున్నాయే, కిందే నక్కి నక్కి సివరికి సక్రానికి అడ్డం పడ్డాయా. ఇయ్యి ఇందులోకి ఎలాగ... ఉండు. మిసను కొన్న ఏడు నాను కిస్మస్ మీటింగులకి అరకు ఎల్లినాను. తిరిగొచ్చేసరికి గింజలన్నీ కడిగి సాపల మీద ఆరబోసున్నాయి. ఎంత పనిమంతురాలివైపోయావే అని మెచ్చుకున్నాను కూడా. తల దించుకుని లోపలికెల్లిపోనాది. సిగ్గనుకున్నాను.

ఇంకేటి, మూతా? మూత కింద నాలిక ఇరిగిందా? అది లోపల మీటకి తగిల్తేనే డ్రయ్యరు తిరుగుతాదా? మోటారు పోనేదా అయితే. మరి నాలికిరిగితే ఎలా తగుల్తాది... గట్టిగా అదమాలా. ఏదీ, అదుము. ఆ మూల కాదే, ఇటు. అది మోచెయ్యి ఆనించీది ఇటేపు.

తిరుగుతన్నాది.

ఆపకు, ఉండనీ. అయితే అది కూకున్నది బద్దకానికి కాదన్నమాట. తడి గింజలు డ్రయ్యర్లో పోసి తిప్పేసరికి ఎగిరెగిరి మూతిరిగుంటాది. సేతులిరుత్తానన్నాను గదా నాను. అందుకని నాకు తెలీకుండా అన్నేళ్ళూ మూత అదుముకుని కూకున్నాది. దాని మోచెయ్యి నల్లగా కాయ కాసుండీది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు సూసినాను, పని సెయ్యని మనిషికి ఈ కాయేటా అనుకున్నాను. ఒక కుండలో తిన్నాం గదే, నానంటే దానికంత బయ్యమేటి. తిడుదును, తిట్టకేం. కడుపునిండా తిట్టి, సాయంత్రానికి రాగంబలి కాసి దాని ముందు పెడుదును. అది తెలీదా దానికి. తెలుసో, తెలీదో. అడగడానికి మనిషేదీ.

కొత్త మూతేటీ తేవొద్దు. వొద్దంటన్నాను గదా. బండోడికి ఫోన్ సేసి రావొద్దని సెప్పీ. నువ్వు లే ఆ పీట మీంచి. సెయ్యి తియ్యకు, నాను పెట్టీదాకా ఉంచు, ఆగిపోగల్దు. ఆ, ఇలగేనా. ఇలగే ఉండీది. ఎల్లు మరి, మబ్బట్టినాది. ఎల్తా ఎల్తా తీగ మీద నా రగ్గున్నాది, తీసి అరుగు మీద పడీ. నాను లేవలేను.