పేరు పెట్టి పలికిన పేజీ

కుందుర్పిలో ఇంటి అరుగు మీద అమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. వెబ్‌సైట్లు తయారుచేసే కూతురు సోమవారం బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. అమ్మ పొద్దుట్నుంచీ మింగుతున్న ప్రశ్న ఇప్పటికి గొంతు దాటింది.

“పాపా, నీ ఫోన్లో ఒక పేజీ తెరిచి మూసేస్తే, అది మనల్ని మరిచిపోతాదా?”

“మరిచిపోదు మా. మనం పేరు రాసి పంపితే, ఆ పేజీని నడిపే కంప్యూటరు, సర్వరంటాం, జవాబుతో పాటు చిన్న గుర్తు పంపుతాది. కుకీ అంటాం. మళ్లీ పోయినప్పుడు ఫోను ఆ గుర్తు చూపిస్తాది.”

“మందలు కలిసిపోకుండా మన గొర్రెలకు ఎర్రరంగు పూసినట్టా?”

“అట్లే. సర్వరుకు మొగాలు తెలీవు, రంగే తెలుసు.”

“కడిగితే పోతాదా?”

“పోతాది. ఎందుకు?”

“ఊరికే అడిగినా లే.”

“ఊరికే అడిగే మనిషివా నువ్వు? ఏ పేజీ మా?”

అమ్మ చేతిలోని కాయను ఒలవకుండా నలుపుతూ కూర్చుంది.

“అనంతపురంలో ఆసుపత్రిది. రొమ్ములో గడ్డ తగులుతాండాది. టోకెను కోసం పేరు రాసి పంపినా, తర్వాత భయమై మూసేసినా. మళ్లీ తెరిస్తే నన్ను పేరు పెట్టి పలకరించింది మే!”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఉద్యోగం వదిలి ఈడే కూర్చుంటావు. దాన్ని కడిగెయ్ పాపా.”

“కడగను. నువ్వు ఆపిన కాడి నుంచే తెరుచుకుంటాది. రేపటికి టోకెను తీస్తాండా.”

“చెడ్డ గడ్డే అని డాక్టరు చెప్తే?”

“ఇద్దరం వింటాం మా. నువ్వొక్కదానివే వినొద్దు.”