బెంగుళూరు బీరు, మద్దిలేటి నాలుక

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా కమలాక్షమ్మ టీ బంకు. అక్కడి బెంచీ మీద మద్దిలేటి కూర్చుని నోరు తెరిచాడంటే, నంద్యాల పోవాల్సినోళ్లు కూడా ఇంకో బస్సు చూసుకుందాంలే అని ఆగిపోయేవాళ్లు. ముప్పై ఏళ్లు లారీ తోలాడు గానీ కోతలకు మాత్రం ఏనాడూ బ్రేకు వేసిన మనిషి కాదు. గొంతులో క్యాన్సరు గడ్డ లేచి, బెంగుళూరు పెద్దాసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించుకుని, సగం మనిషై ఇంటికొచ్చాక ఈ వారమే మళ్లీ బయటికొచ్చాడు.

"మా చెల్లెలి కొడుకు సురేష్ బెంగుళూరులో బీరు కాసే కాడ పని చేస్తాండాడప్పా," మొదలుపెట్టాడు. "సొంతంగా కాస్తారాడ. డబుల్ ఐపీఏ అనే రకం బీరంట. హాప్స్ అనే చేదు పూలు రెండింతలేస్తారు. పాతకాలం పద్ధతి, అందుకే బార్లీ మొలకల మాల్టు కూడా దండిగా పోస్తారు. ఒక్క గుక్క తాగినా. మొదట చేదు, దాని ఎనక ఏంచిన జొన్నల కమ్మదనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిషా ఎక్కింటాది," అన్నాడు పక్కన కూర్చున్న డ్రిల్లు మాస్టరు శ్యాంసుందర్.

"నాకా! 'ఈ బార్లీ ఎండబెట్టిన మూడో దినం వాన పడింది' అని చెప్పినా. కాసేటోడు రిజిస్టరు తీసి సూసినాడు. పడింది! రెండో గుక్కకు ఆ బార్లీ పండిన చేను ఏ దిక్కునుందో చెప్పినా. మూడో గుక్కకు ఆ చేను దున్నిన ఎద్దుల్లో ఎడం పక్కది కుంటిదని చెప్పినా."

"ట్రాక్టర్ల కాలంలో ఎద్దులేందీ?"

"అందుకే గదప్పా వాళ్లు బిత్తరపోయింది! ఫోన్ చేస్తే ఆ రైతు ఏడ్చినాడంట, మా కుంటెద్దు సంగతి మీకెట్ల తెలుసని. జర్మనీ నుంచి నలుగురు విమానమేసుకొని వచ్చినారు, నీ నాలుక మాకియ్యి, మ్యూజియంలో పెట్టుకుంటామని. నేనే ఒద్దన్నా. ఈడ టీ ఎవురు తాగుతారని!"

బెంచీ అంతా పగలబడి నవ్వింది. మద్దిలేటి గ్లాసెత్తి చివరి చుక్క దాకా తాగి, "కమలాక్షమ్మా, నీ టీ ముందర ఆ బీరు ఏపాటిది!" అన్నాడు.

కమలాక్షమ్మ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"అన్నా, నీ గ్లాసులో చక్కెర ఎయ్యడం మర్సిపోయినా. మూడు చెంచాలేసినా సాల్లేదని అరిచేటోడివి. ఎప్పుడు తిడతావా అని సూస్తాండా. అంతా తాగేసినావే."

మద్దిలేటి ఖాళీ గ్లాసులోకి చూశాడు. ఇంకో కోత నోటిదాకా వచ్చింది గానీ, ఎందుకో కొయ్యబుద్ధి కాలేదు.

"కరెంటు పెట్టినాక నాలుక సచ్చిపోయిందిమా. అన్నం తిన్నా మన్ను తిన్నా ఒకటే. ఇంట్లో నా పెండ్లాం అంకమ్మ కూర చేసి నా మొగం సూస్తాది. బాగుందే అంటా. ఊరందరికీ కోసిన కోతలకు ఏనాడూ సిగ్గుపడలేదు, దానికి చెప్పే ఆ ఒక్క మాటకు సిగ్గేస్తాంది. సురేష్ ఆ గ్లాసిచ్చిన దినం మాత్రం చేదు తగిలింది. నిజంగానే. ఎనకాల కొంచెం తీపి గూడా, బెల్లం పాకం గిన్నె అడుగున మాడితే ఉంటాది సూడు, అట్ల. ఆడనే కూలబడి ఏడ్చినా. రెండో గుక్కకు మళ్లీ ఏం లేదు."

శ్యాంసుందర్ ఆయన భుజం మీద చెయ్యేశాడు.

కమలాక్షమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. చిన్న గిన్నెలో బెల్లం ముక్క వేసి, అది కరిగి, నల్లబడి, పొగ లేచేదాకా ఉంచి, అందులో టీ పోసింది. మద్దిలేటి ఒక గుక్క తీసుకుని నోట్లోనే ఆపుకున్నాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

"ఏమన్నా తెలుస్తాందా అన్నా?"

"లేదుమా," అన్నాడు. "వేడి తెలుస్తాంది, అంతే."

"సరే. రేపు రా. ఇంకొంచెం మాడబెడతా."