అరవై నాలుగు కిలోమీటర్ల బోర్డు

పుల్‌వుడ్ లేక్ పోలీసు ఉపకేంద్రం, ఉత్తర ఒంటారియో. 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం, మధ్యాహ్నం 1.10. రాసుకున్నవారు కానిస్టేబుల్ ట్రేసీ మకీనన్.

నా పేరు రొమేయో బ్రూసో. వయసు యాభై తొమ్మిది. ఉండేది పుల్‌వుడ్ లేక్‌లో, మిల్లు రోడ్డులో. ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చే టోయింగ్ లారీ, చిన్న మెకానిక్ షెడ్డు ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. పోలీసులు పిలిచే టోయింగ్ వాళ్ళ జాబితాలో ఈ వైపు నాది ఒక్కటే పేరు.

నిన్న, గురువారం ఉదయం 9.10కి డాసన్ కట్ ఊరి చివర హైవే పక్కనున్న నీలం బోర్డును ఇనుము కోసే గ్రైండరుతో కోసింది నేనే. రెండు గుంజలూ కోశాను. బోర్డును లారీలో వేసుకుని నా షెడ్డుకు తెచ్చాను. 10.25కి ఈ ఉపకేంద్రానికి ఫోన్ చేసి, ఎవరు చేశారా అని ఊరంతా వెతకొద్దు, నేనే అని చెప్పాను. ఎవరూ నాకు చెప్పి చేయించలేదు. తాగి లేను.

ఎందుకు కోశావని అడిగారు. చెబుతాను. కూర్చుని చెప్పమంటున్నారు. కూర్చుంటాను.

మా ఊరు హైవే మీద లేదు, లోపలికి పద్నాలుగు కిలోమీటర్లు. హైవేకీ మా రోడ్డుకీ కలిసే చోట లారీలు ఆగే ఖాళీ స్థలం ఉంది. 2023 జూన్‌లో అక్కడ కాంక్రీటు పోశారు. అక్టోబరులో కరెంటు కార్లకు ఫాస్ట్ చార్జింగ్ మిషన్లు నాలుగు వచ్చాయి. బిగించి, నారింజ రంగు తొడుగులు వేసి వెళ్ళారు. ట్రాన్స్‌ఫార్మర్ రావాలి, నలభై వారాలు పడుతుంది అన్నారు. నలభై వారాలు అయ్యాయి. ఇంకో ఆరు అన్నారు. అవీ అయ్యాయి. పోయిన సెప్టెంబరులో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. దాన్ని కలపడానికి మనుషులు రావాలి, వాళ్ళు వేరే చోట ఉన్నారు అన్నారు. తర్వాత నేల గడ్డకట్టింది, వసంతంలో చూద్దాం అన్నారు. ఎవరిని అడిగినా మర్యాదగానే మాట్లాడతారు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండేది.

బోర్డు సంగతికి వస్తాను. ఈ చార్జింగ్ స్టేషనుకు నిధి ఇచ్చినవాళ్ళ షరతు ఏమిటంటే, 2024 మార్చి 31 లోపు హైవే మీద బోర్డు నిలబెట్టి ఫొటో పంపాలి. కరెంటు వచ్చిందా లేదా అన్నది ఆ కాగితంలో అడగలేదు. మా మేయరు సొలాంజ్ పాకెట్ నా భార్యకు అక్క, నాకు వదిన. ఆవిడ మార్చి 25న షెడ్డుకు వచ్చింది.

"రొమేయో, రెండు గుంతలు తవ్విపెట్టాలయ్యా," అంది.

"మార్చిలో గుంతలేంటి వదినా, నేల రాయిలా ఉంటే," అన్నాను.

"నీ దగ్గర మిషను ఉంది, బుర్ర ఉంది. రెండోది ఎప్పుడూ వాడవు, ఈసారి వాడు," అంది.

డాసన్ కట్ మా జంక్షనుకు తూర్పున అరవై నాలుగు కిలోమీటర్లు. 26వ తేదీ మంగళవారం మధ్యాహ్నం అక్కడ ఇనుప డ్రమ్ములు సగానికి కోసి నేల మీద బోర్లించి, కింద బొగ్గులు రాజేశాను. చలికాలంలో సమాధి తవ్వాలంటే మేం చేసే పద్ధతే. మర్నాటికి మీటరు లోతు మెత్తబడింది. తవ్వాను. బోర్డు నిలబెట్టాను. బోల్టులు నేనే బిగించాను. కారు బొమ్మ, ప్లగ్గు బొమ్మ, కింద 64 కి.మీ. అని. వదిన, ఇద్దరు కౌన్సిలర్లు నిలబడి ఫొటో తీయించుకున్నారు. నన్నూ నిలబడమన్నారు. నిలబడ్డాను. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను.

ఫొటో అయ్యాక కరెంటు వచ్చేదాకా బోర్డుకు ముసుగు వేయాలి అనుకున్నాం. చెత్త వేసుకునే పెద్ద నల్ల సంచి తొడిగి టేపు చుట్టాం. ఆ సంచి గాలికి పోయేది. మేలో పోయింది, తొడిగాను. ఆగస్టులో పోయింది, తొడిగాను. నవంబరులో పోతే రెండు సంచులు తొడిగాను. నాకెవరూ చెప్పలేదు, దారిలో కనబడితే తొడిగేవాణ్ణి. ఐదు నిమిషాల పని.

జనవరి 17, శుక్రవారం. ఒక పికప్పును డాసన్ కట్‌లో దించి తిరిగి వస్తున్నాను. సాయంత్రం 4.40 అయింది. బోర్డు మీద సంచి లేదు. చూశాను. లారీలో సంచులు ఉన్నాయి, టేపు ఉంది. ఆరింటికి మా ఊళ్ళో కర్లింగ్ పోటీలు మొదలు. మంచు మీద రాళ్ళు జార్చే ఆటే. మూడు రోజుల పోటీ, మా జట్టుకు నేను కెప్టెన్ని. సోమవారం తొడుగుదాంలే అనుకున్నాను. ఐదు నిమిషాల పని, మేడం. రాసుకోండి. బండి వేగం కూడా తగ్గించలేదు.

జనవరి 19, ఆదివారం. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నేను చూసింది కొంత, వాళ్ళు నాకు చెప్పింది కొంత. షెర్లీన్ వాబనో అనే ఆవిడ, నలభై ఉంటాయి, తన తండ్రి ఆంబ్రోజ్ వాబనోని థండర్ బే ఆసుపత్రికి తీసుకెళుతోంది. ఆయనకు డెబ్బై ఒకటి. గుండె కవాటం ఆపరేషను. సోమవారం ఉదయం ఎనిమిదింటికి అక్కడ ఉండాలి. పదకొండు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ. కరెంటు కారు. చలి మైనస్ ముప్పై నాలుగు. డాసన్ కట్ చేరేసరికి బ్యాటరీలో ముప్పై ఎనిమిది శాతం ఉంది. అక్కడ ఐస్ రింకు వెనకాల మెల్లగా ఎక్కే చార్జరు ఒకటి ఉంది, నాలుగు గంటలు పడుతుంది. ఆవిడ ఫోనులో మా జంక్షను స్టేషను 'త్వరలో' అని ఉందట. అందుకే రింకు దగ్గరే ఆగుదామనుకుంది. ఈలోగా ఊరి చివర బోర్డు కనబడింది.

"ఫోనులో లేదు కదా నాన్నా," అందట.

"ఫోనులోది ఎక్కడో కూర్చుని రాస్తారు. ఇది ఇక్కడి వాళ్ళు పాతిన బోర్డు. వాళ్ళకు తెలియదా," అన్నాడట ఆయన.

2.15కి మా జంక్షనుకు వచ్చారు. తొమ్మిది శాతం మిగిలింది. నాలుగు మిషన్లకూ తొడుగులు, వాటి మీద మంచు. ఆ స్థలంలో ఫోను పలకదు. ముందుకు వెళదామంటే తర్వాతి చార్జరు నూట పద్దెనిమిది కిలోమీటర్లు.

అక్కడ లారీల కోసం ప్లగ్గు గుంజలు ఉన్నాయి. రాత్రిళ్ళు ఇంజను గడ్డకట్టకుండా వైరు తగిలించుకోవడానికి. మా వైపు ప్రతి మోటెల్ ముందూ, ప్రతి ఆఫీసు ముందూ ఉంటాయి. షెర్లీన్ కారు వైరు తీసి గుంజకు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. హమ్మయ్య అనుకుని ఇద్దరూ కార్లో కూర్చున్నారు. ఆ గుంజలు టైమరు మీద నడుస్తాయి. అరగంట వస్తుంది, అరగంట పోతుంది. ఇంజను వెచ్చబడటానికి అంత చాలు. ఆ కాస్త కరెంటు బ్యాటరీని వెచ్చబెట్టుకోవడానికే సరిపోదు. మా పక్క లారీ వాళ్ళందరికీ తెలిసిన విషయమే. కానీ పచ్చ దీపం చూస్తే ఎవరైనా నమ్ముతారు. గంటా నలభై ఐదు నిమిషాలు నమ్మారు. తొమ్మిది కాస్తా ఆరు అయింది. అప్పుడు హీటరు కట్టేశారు.

నాలుగింటికి ఆంబ్రోజ్ గారు రోడ్డు మీదికి వెళ్ళాడు. తను వెళతానని కూతురు అంటే, చీకటి పడేలోగా మగమనిషి నిలబడితే లారీలు ఆగుతాయి అన్నాడట. ఆసుపత్రికి కదా అని మంచు బూట్లు కాకుండా మంచి తోలు షూలు తొడుక్కుని ఉన్నాడు. పాలిష్ చేసినవి. అక్కడ మలుపు, మంచు, లారీ ఆపడం కష్టం. చేతొడుగులు నల్లవి, కనబడటం లేదని కుడి చేతిది తీసేసి ఫోను దీపం వెలిగించి ఊపాడు. నేను వచ్చేదాకా, యాభై ఐదు నిమిషాలు ఊపాడు. ఒక లారీ డ్రైవరు ఆపలేక రేడియోలో చెప్పాడు. ఆ కబురు 4.35కి కర్లింగ్ హాలుకు వచ్చింది. నా చేతిలో రాయి ఉంది. ఫైనలు నడుస్తోంది. రాయి వదిలేసి పరిగెత్తాను. అది ఎక్కడ ఆగిందో చూడలేదు.

4.55కి చేరాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చేయి దించమంటే దిగలేదు. వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. లారీలో కూర్చోబెట్టి హీటరు పెట్టాను. కారును కూడా ఎత్తుకున్నాను. ఊళ్ళోని నర్సు దగ్గరికి వెళుతుంటే ఆయన నాతో మాట్లాడాడు.

"తమ్ముడూ, మీ బోర్డు బాగా పెట్టారు," అన్నాడు.

నేను హీటరు ఇంకా పెంచాను.

"కిలోమీటరు దూరం నుంచే కనబడుతుంది. నిటారుగా ఉంది. చేసినవాడికి పని వచ్చు," అన్నాడు.

షెర్లీన్ వెనక సీట్లో ఏడుస్తోంది. "ఊరుకో నాన్నా," అంది. ఆ బోర్డు పాతింది నేనేనని అప్పుడు చెప్పలేదు.

జనవరి 23న ఆయన కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు, చూపుడు వేలు, మధ్య వేలు. చేతి పుండు మానేదాకా గుండె జోలికి వెళ్ళకూడదన్నారు. కొత్త తేదీ జూన్‌లో. అప్పటిదాకా ఆ గుండె తట్టుకోవాలి. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ బోర్డు పెట్టింది నేను, సంచి లేదని చూసి కూడా వచ్చేసింది నేను అని చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "సరే, చెప్పావుగా. ఇప్పుడు దాన్నేం చేస్తావు?" అన్నాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం సాయంత్రం కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాను. బోర్డు తీసేయండి, కరెంటు వచ్చాక పెట్టుకుందాం అన్నాను. ఆఖరి తనిఖీ అయ్యేదాకా బోర్డు నిలబడి ఉండాలి, తీస్తే నిధి వెనక్కి పోతుంది, ఈసారి సంచి గట్టిగా కడదాం అన్నారు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడూ కూర్చోమన్నారు.

"ఆయన రెండు వేళ్ళు పోయాయి వదినా," అన్నాను.

"నాకు బాధ లేదనుకున్నావా? నిధి పోతే ఆ స్టేషను ఎప్పటికీ రాదు. అప్పుడు ఇంకెంతమంది ఆగిపోతారో లెక్క వేసుకో," అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇది కూడా రాయండి.

వెనక నుంచి ఎవరో, "బండ్లు ఆగిపోతే బ్రూసోకే కదా బేరం, ఈయనకేంటి నొప్పి," అన్నారు. కొంతమంది నవ్వారు. ఎవరన్నారో నాకు తెలుసు, పేరు చెప్పను.

బుధవారం డాసన్ కట్ వెళ్ళి చూశాను. కొత్త సంచి కట్టారు, నీలం తాడుతో. గురువారం ఉదయం మళ్ళీ వెళ్ళాను. గాలి బాగా ఉంది. ఒక మూల ఊడిపోయి, ప్లగ్గు బొమ్మ సగం కనబడుతోంది. లారీ ఆపాను. చేతిలో సంచి కూడా పట్టుకుని దిగాను. కడదామనే దిగాను, అబద్ధం చెప్పను. తర్వాత సంచి సీటు మీద పెట్టేసి గ్రైండరు తీశాను. అది కూడా ఐదు నిమిషాల పనే.

నిధి పోతే స్టేషను రాదన్న మాట నన్ను రాత్రింబగళ్ళు తినేస్తోంది. వదిన చెప్పిందే నిజమై నేను చేసింది తప్పయితే, జవాబు నా దగ్గర లేదు. కానీ రేపు పొద్దున ఇంకో కారు ఆ బోర్డు చూసి బయల్దేరితే, దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు.

కానిస్టేబుల్ గారు చివరగా ఒకటి అడిగారు. కౌన్సిల్ దగ్గర రెండో బోర్డు ఉంది. దాన్ని నేను పాతితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. లేకపోతే కేసు నడుస్తుంది, పిలుపుల జాబితాలోంచి నా పేరు పోతుంది. పేరు పోతే ఈ రోడ్డుకు నూట తొంభై కిలోమీటర్ల అవతల నుంచి లారీ రావాలి. నాకు బతుకుతెరువు పోతుందని కాదు, అదీ ఉందనుకోండి, మైనస్ ముప్పై నాలుగులో నూట తొంభై కిలోమీటర్లు అంటే ఏమిటో నాకంటే ఎవరికి తెలుసు? అందుకే ఈ మాట విన్నాక కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

అయినా పాతను. గడ్డకట్టిన నేలలో గుంత తవ్వే మిషను ఈ చుట్టుపక్కల నా దగ్గర ఒక్కటే ఉంది. కరెంటు వచ్చిన రోజు ఫోన్ చేయండి, ఏ చలిలోనైనా వెళ్ళి బొగ్గులు రాజేసి తవ్వుతాను. అంతకుముందు ఇంకెవరైనా మిషను తెప్పించి పాతితే, మళ్ళీ కోస్తాను. కోసి మీకే ఫోన్ చేస్తాను.

ఇంటికి వెళ్ళాక ఆంబ్రోజ్ గారికి ఫోన్ చేయాలి. ఆయన అడిగినదానికి ఇంకా జవాబు చెప్పలేదు.

ఇందులో రాసింది నేను చెప్పిందే, చెప్పింది జరిగిందే. చదివి వినిపించారు, నేను ఒక్క మాట కూడా మార్చమనలేదు. నా షెడ్డులో గోడకు ఆనించి ఉన్న ఆ బోర్డు మీద రాసింది మాత్రం ఇవాళ, ఫిబ్రవరి 7 మధ్యాహ్నం 3.05కి కూడా నిజం కాదు.

సంతకం: రొమేయో బ్రూసో