గట్టిగా చెప్పమ్మాయ్

ఏంటీ, దానికి కూడా క్లాసులు పెట్టారా? ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళని ఎవడైనా బెదిరిస్తుంటే పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలో నేర్పుతారా? లేదులే, నవ్వట్లేదు. పొద్దుటినుంచీ కూర్చోబెట్టి చెప్పారంటే పెద్ద విషయమే. ఇంతకీ ఏం చెప్పారు? బెదిరించేవాడితో పెట్టుకోవద్దు, బెదిరిపోయినవాళ్ళ పక్కన నిలబడు, వాళ్ళతోనే మాట్లాడు... ఓసి నీ, ఇదా! ఇది మీ తాతవాళ్ళ చిన్నాన్న ఎప్పుడో చేసేశాడే, ఏ క్లాసుకీ వెళ్ళకుండా. పిండిమర మావయ్య. నువ్వెక్కడ చూశావులే, మీ నాన్నకే లీలగా గుర్తుంటాడు. ఇలా రా, ఆ కుర్చీ లాక్కో. అది కాదు, దానికి కాలు ఊగుతోంది. పక్కది.

ఆయనకి చెవుడు. పుట్టుచెవుడు కాదు, మరచెవుడు. ఆ పిండిమర మోత నువ్వు వినలేదు కదా, బెల్టు తిరగడం మొదలైందంటే పక్కన నిలబడి అరిచినా గాలికే. కుర్రతనం నుంచీ అందులోనే ఉన్నాడు. కనుబొమ్మల మీద కూడా పిండే. ఒకసారి పక్కింటావిడ సంబరంగా వచ్చి "మా పిల్లకి పెళ్ళి కుదిరిందండీ" అంది. ఈయన గోధుమలు తూస్తూ, తలెత్తకుండా, "పిల్లి ముదిరిందా? పాలు పోసి మేపితే అంతేనమ్మా, రాత్రిళ్ళు వంటింటి తలుపేసుకో" అన్నాడు. ఆవిడ ఏడాది పాటు పిండి వేరే మరలో పట్టించుకుంది. ఇక ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. ఆయన్ని ఉప్పందించమని ఎవరైనా అరిస్తే వీధి వీధంతా ఉప్పందించేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా గొంతు నాకే వినిపించేది కాదు, అంత నెమ్మది. నవ్వకు. నిజమేనే. ఆయనకి మంచినీళ్ళు కావాలా అని అడిగీ అడిగీ ఇదిగో, ఇలా తయారైంది. ఆయనతో మాట్లాడాలంటే నోరు దానంతటదే పెద్దదయ్యేది, మన చేతుల్లో ఉండేది కాదు. ఆయన భార్య, మా అత్తయ్యకి మాత్రం ఆ చెవుడు వరం. ఆయనకెదురుగా నిలబడి, కంచంలో వడ్డిస్తూ, నవ్వుమొహం పెట్టుకుని, చిన్న గొంతుతో "తినండి మహానుభావా, నా ప్రాణం కూడా నంజుకోండి" అనేది. ఆయన కూడా నవ్వుతూ తినేవాడు.

ఆఁ, ఎక్కడున్నాను? ఎన్నికలు. మునిసిపాలిటీవి. నాకు మొదటి ఓటు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను, నవ్వుతావేం, నువ్వు మాత్రం నీ మొదటి ఓటు రోజు అద్దం ముందు ఎంతసేపున్నావో నాకు తెలీదా? బళ్ళో పెట్టారు. ఆడవాళ్ళ వరస గోడవారన, మగవాళ్ళ వరస ఎదురుగా, మధ్యలో పిల్లలాడుకునే జాగా. కంకర కాంట్రాక్టరు అని ఒకడు పోటీకి నిలబడ్డాడులే. మా వీధి ఓట్లు తనకి పడవని వాడికి తెలుసు. అందుకని ఒక మనిషిని పంపాడు. రౌడీలా ఉంటాడనుకుంటున్నావా? నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, గీత గీసినట్టు సన్నటి మీసం, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా ఉన్నాడు. అరవడు, చెయ్యి వెయ్యడు. వరసలో ఒక్కొక్కరి పక్కకీ వచ్చి, నవ్వుతూ, లోగొంతుకతో రెండు ముక్కలు చెప్పి తప్పుకుంటాడు. గేటు దగ్గర కానిస్టేబులు చూస్తే, పాపం ఎవరో కుశలమడుగుతున్నాడనుకోవాలి. మా ముందు ఇస్త్రీ ఆవిడ ఉండేది. ఆవిడకేదో చెప్పాడు. ఆవిడ మొహం దించుకుని వరసలోంచి వెళ్ళిపోయింది. తర్వాత ఆస్పత్రి నర్సమ్మ. ఎవరికీ జంకని మనిషి, ఆవిడా చెప్పుల వంక చూసుకుంటూ గేటువైపు నడిచింది. తర్వాత నా పక్కకొచ్చాడు. "మీవారిది రాత్రి షిఫ్టు కదమ్మా. ఆ వంతెన దగ్గర లైట్లు లేవు. సైకిలు మీద వస్తుంటాడు. నీకెందుకమ్మా ఓటు, ఇంటికెళ్ళు" అన్నాడు. మా ఆయన క్షేమం కోరుతున్నవాడిలా చెప్పాడే! ఓటూ లేదు, ఏమీ లేదు, ఆయన ఇంటికొస్తే చాలనుకున్నాను. వరసలోంచి అడుగు బయటపెట్టాను.

అప్పుడొచ్చాడు మావయ్య, మగవాళ్ళ వరసలోంచి, ఎండకి కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని. వాడివంక చూడనైనా చూడలేదు. నా దగ్గరకొచ్చి, "ఏంటమ్మాయ్, ఎక్కడికి? ఆ అబ్బాయి ఏమంటున్నాడు?" అన్నాడు. ఏమీ లేదు మావయ్యా అందామనే నోరు తెరిచాను, ఒట్టు. కానీ ఎదురుగా ఉన్నది ఎవరు? ఏళ్ళ తరబడి అలవాటైన నోరాయె! "మీ అబ్బాయిని వంతెన దగ్గర ఏదో చేస్తారట మావయ్యా, ఓటేస్తే!" అని వచ్చేసింది. బడి గంట కొట్టినట్టు. మగవాళ్ళ వరస మొత్తం ఇటు తిరిగింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవర్నీ? గట్టిగా చెప్పమ్మాయ్" అన్నాడు. మళ్ళీ అరిచాను. ఈసారి అధికారి లోపల్నుంచి బయటికొచ్చాడు. కానిస్టేబులు కూడా, ఇక తప్పదన్నట్టు, లాఠీ చంకలోంచి తీశాడు. అప్పుడు మావయ్య వాడివైపు తిరిగి, ఎంత మర్యాదగా అనుకున్నావ్, "నువ్వే చెప్పు బాబూ, ఈ పిల్లకి సరిగ్గా చెప్పడం రాదు" అన్నాడు. "ఏం లేదు పెద్దాయనా." "ఆఁ?" "ఏం లేదండీ!" "ఏది లేదు?" "అబ్బా, ఏమీ లేదు!" "లైట్లా?" ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో గేటు దాకా వెళ్ళిన నర్సమ్మ వెనక్కి తిరిగి, "నన్ను కూడా అన్నాడు, మా చెల్లెలింటికి వస్తానన్నాడు" అంది, ఎవరూ అడక్కుండానే. ఆ ఇస్త్రీ ఆవిడ్ని ఎవరో వెళ్ళి పిలుచుకొచ్చారు. వాణ్ణి కానిస్టేబులు గేటు బయటికి తీసుకెళ్ళాడు. మావయ్య మాత్రం కదల్లేదు. తన వరసలో తన చోటు పోయినా సరే, నేను తలుపు దాటేదాకా నా పక్కనే నిలబడి, ఆ రోజు గోధుమలు ఎంత తడిగా వచ్చాయో చెబుతూనే ఉన్నాడు. నేనూ అరిచి ఊఁ కొడుతూనే ఉన్నాను. భయం పోయిందా అంటే, పోలేదే. చాలా రోజులపాటు షిఫ్టు వాళ్ళందరూ గుంపుగానే వంతెన దాటారు, అదీ మావయ్య చెప్పిందే. కానీ ఓటు వేశాను.

అదిగో, నువ్వు కూడా అదే అడుగుతున్నావ్. అంత దూరం నుంచి, చెవిటివాడికి ఎలా తెలిసిందని. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మీ తాత కూడా అదే అడిగాడు, అరిచి. ఆయన తాపీగా, "మరలో వినపడేదేముందిరా? ముప్పయ్యేళ్ళుగా పెదాలు చూసే కదా పిండి పడుతున్నాను. వాడి మీసం సన్నం, ఒక్క ముక్క పోలేదు" అన్నాడు. ఆ కాంట్రాక్టరు ఒక గుబురు మీసంవాణ్ణి పంపించుంటే అయిపోయేవాళ్ళమే! మేమంతా నవ్వుతున్నాం. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పయ్యేళ్ళ వడ్డన గుర్తొచ్చింది కాబోలు. ఆయన ఆవిడవంక చూసి, నవ్వుమొహంతో, "వడ్డించు, ప్రాణం కూడా వెయ్యి" అన్నాడు.

మంచి మనిషే. మరీ మంచి మనిషి. చివర్లో కళ్ళకి పొర కమ్మేసింది. పెదాలు కనపడడం మానేశాక నిజంగా చెవిటివాడైపోయాడు, పాపం. ఆ తర్వాత మళ్ళీ ఎన్నికలొచ్చాయి. నేను ఓటేసి వచ్చి ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. నా చెయ్యి తడిమి పోల్చుకుని, "అమ్మాయ్, ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నాడు. "ఎవరూ ఏమీ అనలేదు మావయ్యా" అన్నాను. వినపడలేదు. "ఏమన్నారు?" అన్నాడు, లేవబోతూ. లేవలేడే, అయినా లేవబోతూ. చెవిలో నోరు పెట్టి అరిచాను. "ఎవరూ ఏమీ అనలేదు మావయ్యా!" వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ...

లే, లేచి ఆ లైటెయ్యి. నీ మొహం కనపడట్లేదు నాకు.