పెట్టె ఆగిన చోట

1988 జూన్ 6, సోమవారం ఉదయం మన రేడియో కేంద్రం సంగీత విభాగంలో గిటారిస్టుగా చేరిన సహోద్యోగి, మనమంతా 'తీగలాయన' అని పిలుచుకునే వ్యక్తి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున ఆయన గిటారుకు సంచి కూడా లేదు. దుప్పటిలో చుట్టి తెచ్చారు. రెండో అంతస్తు స్టూడియోలో అప్పటికే ఒక డ్రమ్మరు ఉన్నారు. తీగలాయన కన్నా వయసులో చిన్న, ఉద్యోగంలో రెండేళ్లు పెద్ద. కొత్తగా వచ్చినాయన యాంప్లిఫయరుకు వైరు తగిలించి ఒక్కసారి మీటగానే, పక్క స్టూడియోలో వార్తలు చదువుతున్న ఆవిడ గొంతు వెనక ఆ మోత ఊరంతా వినబడింది. తలుపు మూయనందుకు తీగలాయనకు, మూయాలని చెప్పనందుకు డ్రమ్మరుకు కలిపి సంజాయిషీ నోటీసు వచ్చింది.

"చేరిన రోజే నన్నూ ఇరికించారు కదా గురూగారూ" అన్నారు డ్రమ్మరు. వారి స్నేహం ఆ నోటీసుతో మొదలైంది.

మరుసటి సంవత్సరం ఈ ఇద్దరి చుట్టూ నలుగురి రాక్ బృందం ఏర్పడింది. శనివారం సాయంత్రం వారి కార్యక్రమం వచ్చే వేళకు మన క్యాంటీనులో కుర్చీలు దొరికేవి కావు. ఉదయ ప్రసారాలకు ముందు నేటికీ వినబడే సంకేత సంగీతం తీగలాయన సమకూర్చినదే. తరువాత ఆయన డ్రమ్మరు చెల్లెలిని వివాహం చేసుకున్నారు. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకుంటున్నారు. ఎవరు ఎవరికి ఏ వరసన బావో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి తేలడానికి కొంతకాలం పడుతుంది.

ఈ బృందానికి ఒక అలవాటు ఉండేది. పాట మధ్యలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగి, మళ్లీ కలిసి అందుకునే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ డ్రమ్మరు దెబ్బ పడవలసిన క్షణం కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. నిర్మాత దానిని దోషమన్నారు. సరిదిద్దుకోవాలని డ్రమ్మరు ఒక వేసవి అంతా కష్టపడ్డారు, కుదరలేదు. చివరకు తీగలాయనే నిర్మాత గదికి వెళ్లి, ఆయనను మార్చవద్దని, తామే ఆగుతామని చెప్పి వచ్చారు. ఆనాటినుంచి తీగలాయన కచేరీల్లో సైతం శ్రోతలకు వీపు పెట్టి, డ్రమ్మరు కుడి భుజాన్ని చూస్తూ వాయించేవారు. భుజం దిగితే అందుకోవడమే. ఆ సంగతి తెలియక ముందుగా దూకిన కొత్త వాద్యకారులు నవ్వులపాలయ్యేవారు.

ముప్పై ఏళ్లు దాటాక కూడా ఇందులో మార్పు లేదు. అందుకే నిరుడు ఒక సోమవారం స్టూడియో తలుపు తీసిన డ్రమ్మరు గుమ్మంలోనే ఆగిపోయారు. తన డ్రమ్ములుండే చోట పొడుగాటి బల్ల ఉంది. దాని మీద మీటలున్న ఎలక్ట్రానిక్ వాద్య పెట్టెలు, చిన్న కీబోర్డు, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పాకుతున్న వైర్లు. బల్ల వెనక హెడ్‌ఫోన్లు పెట్టుకుని తీగలాయన.

"నా డ్రమ్ములేవి బావా?"

"అదిగో, గోడవార పెట్టా."

"ఎవరు జరిపింది?"

"నేనే. బల్లకి చోటు చాల్లేదు."

"మరి గిటారు?"

"ఇంట్లో ఉంది. ఇక తేను."

డ్రమ్మరు వేళాకోళమనుకున్నారు. నవ్వడానికి సిద్ధపడి ఎదురుగా కూర్చున్నారు. తీగలాయన హెడ్‌ఫోన్లు తీసి, "గిటార్లో నాకు తెలియంది ఏమీ మిగల్లేదు బావా. వీటిల్లో నాకేమీ రాదు. పొద్దున్నే లేవగానే వీటి దగ్గరికి పరిగెత్తాలనిపిస్తోంది. ఇలా అనిపించి ఎన్నేళ్లయిందో" అన్నారు.

డ్రమ్మరు లేచి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి వార్త భవనమంతా పాకింది. వార్తలు చదివేవారు, లైబ్రరీ వారు, ట్రాన్స్‌మిటరు వారు ఒక్కొక్కరే వచ్చి తలుపు సందులోంచి చూసి వెళ్లారు. ఆ గదిలో గిటారు లేకపోవడం ఎవరికీ మింగుడుపడలేదు. డైరెక్టరు గారి ఆలోచన వేరు. పెట్టెలోంచే డ్రమ్ముల మోత వస్తున్నప్పుడు డ్రమ్మరుకు పని ఏమిటని ఆయన అడిగారు. మూడేళ్ల సర్వీసు మిగిలి ఉన్న డ్రమ్మరును తాత్కాలికంగా టేపుల లైబ్రరీకి పంపారు. ఆ తాత్కాలికం విరమణ దాకా సాగుతుందని అందరికీ తెలుసు.

పెట్టెలతో చేసిన మొదటి ప్రసారం బెడిసికొట్టింది. పాట ఆగి మళ్లీ అందుకునే ప్రతి చోటా పెట్టె సరిగ్గానే వచ్చింది. కీబోర్డు మీద ఉన్న తీగలాయన వెనకబడ్డారు, ఒకసారి కాదు, ప్రతిసారీ. శ్రోతలు ఫోన్లు చేశారు. ట్రాన్స్‌మిటరు చెడిపోయిందా అని కొందరు, ఆయన ఒంట్లో బాగాలేదా అని కొందరు అడిగారు. గిటారు తీసుకోమని డైరెక్టరు చెప్పారు. తీగలాయన తీసుకోలేదు. మెట్లు దిగి టేపుల లైబ్రరీకి వెళ్లి, పెట్టెతో కలిసి వాయించడానికి రమ్మని బావమరిదిని అడిగారు.

"ఇన్నేళ్లు నీ పక్కన కూర్చున్నా. ఇప్పుడు పెట్టె పక్కన కూర్చోమంటావా?" అన్నారు డ్రమ్మరు, అలమరలోంచి తల తిప్పకుండా.

ఆ తరువాత ఆయన చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లడం మానేశారు.

విరమణ సందర్భంగా గత నెల మన సభామందిరంలో కచేరీ ఏర్పాటయింది. ఆ ఒక్క రోజైనా తీగలాయన గిటారు పట్టుకుంటారని చాలామంది కుటుంబాలతో వచ్చారు. ఆయన ఉత్త చేతులతో వేదిక ఎక్కి బల్ల వెనక నిలబడ్డారు. సభలో గుసగుసలు రేగాయి. బల్ల పక్కన డ్రమ్ములు ఉన్నాయి, వాటి ముందు ఖాళీ స్టూలు. మూడో వరుసలో చెల్లెలి పక్కన కూర్చున్న డ్రమ్మరు చేతులు కట్టుకున్నారు. "షోకేసులో బొమ్మలా పెట్టాడు చూడు" అన్నారు.

మొదలైంది మన సంకేత సంగీతమే. కాని అది గిటారు తీగల మీద కాక, లోతుగా, నేలలోంచి వస్తున్నట్టు వచ్చింది. కొందరు గుర్తుపట్టలేదు. డ్రమ్మరు గుర్తుపట్టారు, మొదటిసారి రికార్డు చేసినప్పుడు తాను డ్రమ్ములు వాయించిన బాణీ అది. పాట సాగి, ఆగవలసిన చోట ఆగింది.

ఆగిపోయింది. మళ్లీ మొదలు కాలేదు.

ముందు వరుసలో ఎవరో దగ్గారు. పెట్టె పాడైందనుకుని డైరెక్టరు లేచి నిలబడ్డారు. తీగలాయన మీటలు ముట్టుకోలేదు. సభ వైపు కూడా చూడలేదు. ఖాళీ స్టూలు వైపు తిరిగి, భుజం ఉండవలసిన ఎత్తున చూపు నిలిపి ఉన్నారు.

చెల్లెలు అన్న మోచేతిని తట్టింది.

"లే అన్నయ్యా. నువ్వు కొడితే గానీ అది కదలదు. దాన్ని అలా తయారు చేశారాయన. దాన్ని పరీక్షించడానికి ఇంట్లో రబ్బరు ముక్క మీద కొట్టి కొట్టి నా చేతులు పడిపోయాయి."

డ్రమ్మరు కట్టుకున్న చేతులు విప్పారు. తరువాత లేచి వేదిక మీదకు వెళ్లారు. స్టూలు మీద కూర్చున్నాక ఆయనకు కనిపించింది: డ్రమ్ము అంచుకు బిళ్లంత పరికరం అతికించి ఉంది, దానిలోంచి వైరు బల్ల మీది పెట్టెలోకి వెళ్తోంది. ఆయన కర్రలు అందుకున్నారు. భుజం దిగింది. దెబ్బ పడగానే పెట్టె, కీబోర్డు కలిసి అందుకున్నాయి. ఆ తరువాతి ప్రతి విరామంలోనూ పెట్టె ఆగింది. దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగానే పడింది. ఈసారి వెనకబడినవారు ఎవరూ లేరు.

కచేరీ ముగిశాక, ఇదంతా ఎందుకని డ్రమ్మరు అడిగారు.

"పెట్టె లెక్కగానే వచ్చేది బావా. నాకే చేతులు కదిలేవి కావు. నీ కోసం ఆగడం ఒంటికి పట్టేసింది. అది మానుకోవడం నావల్ల కాలేదు. అందుకని దానికే ఆగడం నేర్పాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా."

"ఎక్కడ చెప్పను? అన్నానికే రావడం మానేశావు."

ఆ మరుసటి సోమవారమే డ్రమ్మరును తిరిగి సంగీత విభాగానికి పంపుతూ డైరెక్టరు సంతకం చేశారు. పెట్టెలు, బల్ల స్టూడియోలోనే ఉంటాయి. విరమణ తరువాత కూడా శనివారం కార్యక్రమానికి వచ్చి వాయిస్తానని తీగలాయన ఒప్పుకున్నారు. గిటారు మాత్రం ఇక వినబడదు. మనలో చాలామంది ఈ సంగతి నుంచి ఇంకా తేరుకోలేదు. కొందరు తేరుకోవాలని అనుకోవడమూ లేదు. అరవై ఏళ్ల వయసులో తనకు బొత్తిగా రాని విద్య ముందు కూర్చున్న మనిషిని చూసి కలిగిన దిగ్భ్రాంతిలో, గౌరవం పాలు ఎంతో ఇప్పుడిప్పుడే మనకు తెలిసివస్తోంది.

తీగలాయనకు, ఆయన సహధర్మచారిణికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయువు కలగాలని మన కేంద్రం సిబ్బంది అందరి పక్షాన మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం. ఆ ఆయుష్షు డ్రమ్మరు గారికి కూడా అంతే ఉండాలి. ఆయన కొట్టనిదే ఆ పెట్టె కదలదు.