పాక కాడ నుంచి పాక కాడికి

ఏటి బాబూ, మళ్ళీ అడగండి, ఈ సెవి సరిగ్గా ఇనబడదు. మీ తాతగారు కల్లు తాగీవోరా అనా? ఎవులు సెప్పినారు మీకు? మీ ఇంట్లోనే అనుకుంటన్నారా? అనుకుంటారు మరి. ప్రెతి ఆదివారం పొద్దున్నే డ్రిల్లు మేస్టారి సైకిలు కల్లుపాక కాడ ఆనించి ఉంటే నర్సీపట్నం ఏటనుకుంటాది, భజనకెల్లినారనుకుంటాదా? కూకోండి, ఆ మంచానికి మొన్ననే నులక బిగించినాను, కుంగదు. సెప్తాను గానీ మద్దిలో బస్సుకి టైమైపోతందని లేవకూడదు. ఇది మొదలెడితే సివరిదాకా ఇనాలి, సగం ఇన్నోళ్ళే మీ తాతగారి పేరు పాడు సేసినారు.

మీ తాతగారు సూర్యనారాయణమూర్తి మేస్టారంటే బక్క మడిసి. తెల్ల లాగు, తెల్ల కేన్వాసు బూట్లు, సొక్కా లోపల జంధ్యం. హైస్కూలు గ్రౌండులో ఆయన ఈల ఊదితే బస్టాండులో జనం కూడా సర్దుకుని నిలబడీవోరని ఎక్కిరించీవోళ్ళం. నాను ఆయన కాడ సదువుకోలేదు. నాను సదువుకున్నది తాటిసెట్టు కాడే. రావికమతం రోడ్డులో మా ఊరు దాటాక, ఇప్పుడు సెల్లు టవరు ఉంది సూడండి, అక్కడుండేది మా అప్ప సింహాద్రమ్మ కల్లుపాక. అప్పంటే నా తోడబుట్టింది, పెద్దది. ఆవిడ మొగుడు సింగన్న, మా బావ. బావా నానూ కల్లు గీసీవోళ్ళం. బావ సెట్టెక్కితే సూడాల. కాలు పెట్టినట్టే ఉండదు, పైన ఉండీవోడు. మీ ఇంటికి ముంజలు తెచ్చీవోడూ ఆడే. మీ తాతగారికి ముంజలంటే పేణం.

ఎమర్జెన్సీ అనీవోరు కదా, ఆ రోజుల్లో ఓనాడు సెట్టు మీదుండగా నడుం మోకు తెగిపోనాది. బావ కింద పడ్డాడు. పేణం దక్కింది, కుడికాలు రెండు దగ్గిర్ల విరిగింది. నెలల తరబడి కట్టు. కట్టు ఇప్పిన డాక్టరు, ఎముక అతికింది, ఇంక నడవాల, నడవకపోతే కాలు ఎండిపోతాదని గట్టిగా సెప్పినాడు. ఈడు నడిస్తే కదా. మంచం పాక ఎనకాల ఏయించుకుని గోడకేసి తిరిగి పడుకునీవోడు. అప్ప ఏడిసింది, తిట్టింది, కోడిని మొక్కింది. దేనికీ లెగలేదు. నాకు తెలుసు బాబూ ఎందుకో. తాటిసెట్ల మీద ఎగిరినట్టు తిరిగినోడు, ఇప్పుడు కర్రట్టుకుని కుంటతా ఉంటే ఊరు సూస్తాది. ఆ సూపుకి బయమేసింది ఆడికి.

ముంజలు రావటం లేదేటని మీ తాతగారు సైకిలేసుకుని వచ్చినారు. బావని సూసినారు. మన్లాగ అయ్యో పాపం అనలేదు. డ్రిల్లు క్లాసులో లాగ, "లేవరా సింగన్నా, నడుద్దాం" అన్నారు. ఈడు ఇటు తిరగలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చినారు. ఆ ఎనకాదివారం మళ్ళీ. బావకి ఇసుగెత్తిపోనాది. పాక నిండా జనం ఉన్నారు, అందరూ ఇనీటట్టు, "మేస్టారూ, తవరు నా సేతి కల్లు ముంత పుచ్చుకుంటే నాను నడుస్తాను" అనీసినాడు. ఆయన్ని పొమ్మనడానికే అన్నాడు. బాపనయ్య గారు, ఆ మాటకి సెవులు మూసుకుని ఎల్లిపోతారు కదేటి? పాకంతా నవ్వింది. నానూ నవ్వినాను. మేస్టారు నవ్వలేదు. "మాటంటే మాటేనా? అయితే ముందు నువ్వు. ఇక్కడ మొదలెట్టి, చుట్టూ తిరిగి, కర్ర లేకుండా ఇక్కడికే రా. ఆ రోజు తాగుతాను" అన్నారు. ఇంక బావ ఎక్కడికి పోతాడు? అంతమంది ముందర తనే ఏసుకున్న ముడి.

సుట్టంటే ఏటో సెప్తాను. పాక కాడ నుంచి తాళ్ళలో, అదే తాటితోపులో పడి, సెరుకుతోటల గట్టు మీదుగా గెడ్డలో నీళ్ళు దాటి, మెట్ట మీద జీడితోటలెక్కి, అటు పుంతలోకి దిగి మళ్ళీ పాక కాడికి. పుంతంటే తెలీదేటి మీకు? బళ్ళెల్లే దారి బాబూ, గవుర్మెంటుది, ఎవుడి సొంతమూ కాదు. అందుకే అటోడూ ఇటోడూ కలిపీసుకుంటా ఉంటారు. మొదట్లో బావ పాక దాటి తాళ్ళదాకా ఎల్లడమే గగనం. రెండు సంకల్లోనూ కర్రలు, ఎనకాల మేస్టారి ఈల. తర్వాత గట్టుదాకా. వర్షాకాలం నాటికి గెడ్డదాకా. కింద పడీవోడు, మేస్టారు సెయ్యిచ్చీవోరు కాదు. ఈడు లేసీదాకా పక్కన కూకుని, సెరుకు గెడ సీలుకుని తినీవోరు. నాకు ఒల్లు మండిపోయేది. తర్వాత తెలిసింది, ఆడు తనంతట తాను లేస్తే గానీ లేసినట్టు కాదని. మా అప్ప కూడా ఓ పని సేసింది, మహా గడుసుది. ఆదివారం నా మొగుడు తిరిగొచ్చీదాకా కుండ దించను, ఎవుడికీ ముంత పొయ్యను అనీసింది. ఇంకేటుంది, సుట్టుపక్కల ఊళ్ళలో తాగుబోతులందరికీ బావ కాలు మీద బెంగట్టుకుంది. "బేగి నడు సింగన్నా, గొంతెండిపోతంది" అని గట్ల మీద నిలబడి కేకలు. ఎవులి సూపుకి ఆడు బయపడ్డాడో ఆళ్ళే ఆడి ఎనకాల పడ్డారు.

మళ్ళీ తాళ్ళ కాలం వచ్చింది. ఓ ఆదివారం బావ కర్ర పాకలో పడేసి, ఇవాళ సుట్టు తిరిగొస్తానన్నాడు. నాను ఎంటెల్లినాను. తాళ్ళు దాటినాడు, గట్టు దాటినాడు, గెడ్డలో మోకాలిలోతు నీళ్ళలో నిలదొక్కుకున్నాడు. మెట్టెక్కినప్పుడు మటుకు కాలు వణికింది, మేస్టారు ఈల నోట్లోనే పెట్టుకున్నారు గానీ ఊదలేదు. పుంతలోకి దిగితే ఏటుంది, అడ్డంగా ముళ్ళకంచి. రేత్రికి రేత్రి మా ఊరి మోతుబరి చినబాబు ఏయించీసినాడు. రెండు పక్కలా జీడితోటలు ఆడివే, మద్దిలో పుంత కూడా కలిపీసుకున్నాడు. మేస్టారు అన్నారు, సరేరా, ఇక్కడిదాకా వచ్చావు, వెనక్కి వెళ్దాం, తిరిగినట్టేనని. బావ కదల్లేదు. "సుట్టన్నారు కదండీ. ఎనక్కెల్తే అది సుట్టవ్వదు" అని కంచి ముందర నిలబడిపోనాడు. కూకోలేదు బాబూ, కూకుంటే మళ్ళీ లేవలేనేమోనని బయం. నిలబడే ఉన్నాడు. ఎండెక్కిపోతంది.

ఇక్కడ పాక కాడ ఏటయిందంటే, జనం కాసుకుని కాసుకుని అల్లాడిపోతన్నారు. అప్ప కుండ దించదు. ఎదర కల్లు పులిసిపోతంది. ఎవుడో వచ్చి సూసి ఎల్లి, పుంతకి అడ్డంగా కంచి ఉందర్రా, సింగన్న అక్కడ ఆగిపోనాడని సెప్పినాడు. ఎవుడేసినాడ్రా కంచి? పాకలో జనమంతా ఓపాలి ఎనక్కి తిరిగినారు. అక్కడే, సాప మీద, ఖాళీ ముంత ముందరెట్టుకుని చినబాబు. ఆడూ పొద్దుట్నుంచి కల్లుకే కాసుకుని ఉన్నాడు మరి. ఊరికే సూసినారంట. పెద్ద రైతు, లేసినాడు, తువ్వాలు సేతికి సుట్టుకున్నాడు, పుంతలోకొచ్చి తన సేతుల్తో ఆ ముళ్ళు పీకి అవతల పారేసినాడు. మళ్ళీ ఎప్పుడూ ఎయ్యలేదు. ఆ పుంత ఇప్పుడికీ ఉంది.

బావ పాకలోకి తన కాళ్ళతో వచ్చినాడు. అప్ప కుండ దించింది. మొదటి ముంత బావ సేతికిచ్చింది. అందరూ మేస్టారికేసి సూస్తన్నారు. బావ ముంతట్టుకుని మేస్టారి ముందర నిలబడ్డాడు గానీ, సెయ్యి సాచలేదు. ఏడాది ఎనకాల తిరిగిన మడిసి, ఆయన్ని రచ్చకీడవడానికి మనసెలా వస్తాది? "వద్దు మేస్టారూ, ఆనాడు నాను ఊరికే అన్నాను" అన్నాడు. మీ తాతగారు ఆడి కాలికేసి ఓసారి సూసినారు. "నువ్వు ఊరికే నడిచావుట్రా? ఇలా తే" అన్నారు. పుచ్చుకుని తాగినారు. ఒక్క గుక్కెడు కాదు, ముంతంతా. పులిసిపోయిన కల్లు, కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి ఆయనకి. అదే మొదలు, అదే ఆఖరు. మడిసంటే ఆయన బాబూ. అలాటోణ్ణి మళ్ళీ సూడలేదు నాను.

ఆ వేళకే మీ వీధి యాజులు గారు ఏదో పెళ్ళి సేయించడానికెల్తా రోడ్డు మీంచి సూసీసినారు. మేస్టారి సైకిలు ఇంటికెల్లీలోగా కబురు ఎల్లిపోనాది. అన్నాళ్ళూ ఎవులేటనుకున్నా, నేను తాగను అనడానికి ఆయనకో మాటుండేది, మీ మామ్మగారు వర్ధనమ్మగారూ ఆ మాటే నమ్మీవోరు. ఆ రోజుతో అదీ పోయింది. ఆవిడ ఆయన విస్తరి వీధరుగు మీద ఏసింది. ఏసంగి పోయి వానలు పడ్డా ఆయన అక్కడే తిన్నారు. స్కూల్లో ఎక్కిరింతలు. ఆదివారం ఆదివారం నడక మటుకు మానలేదు. నాను ఉండబట్టలేక ఓనాడు గట్టు మీద అడిగీసినాను, ఇంట్లో ఉన్నమాట సెప్పీయొచ్చు కదండీ, అమ్మగారు అర్దం సేసుకుంటారు కదా అని. "చెప్పొచ్చు జోగులూ. తప్పలేదు, అందుకు తాగేనని చెప్పాలి. అలా అన్నానంటే సింగన్న చేతిది తాగడం తప్పని నేనే ఒప్పుకున్నట్టు కదురా" అన్నారు. అని ముందుకెల్లిపోనారు.

మరేటి. అదీ. మీరు టీ తాగుతారా? లోవలక్ష్మీ, బాబుకి టీ ఎట్టమ్మా, పంచదార తక్కువెయ్యి.